ఆసుపత్రి కప్పు మీద రాతినార: తీయాలి, కానీ ఎలా?

పోయిన వర్షాకాలానికి ముందు, సంఘస్థుల్లో ఒకరిని పరామర్శించడానికి మేము ఒక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాము. ప్రార్థన చేసి బయటికి వచ్చేసరికి వార్డు పక్కన ఉన్న పాత షెడ్డు విప్పుతున్నారు. ఇద్దరు కూలీలు పైకెక్కి సిమెంటు రేకులను సుత్తితో కొడుతున్నారు. ముక్కలు కింద పడుతున్నాయి. లేచిన దుమ్ము అక్కడే చాప పరుచుకుని కూర్చున్న రోగుల బంధువుల మీద, వాళ్ల అన్నం క్యారేజీల మీద వాలుతోంది. ఒక తల్లి పైటచెంగుతో బిడ్డ ముఖం కప్పింది. ముక్కలు ఏరుతున్న మనిషిని "బాబూ, ముక్కుకు గుడ్డయినా కట్టుకోలేదే?" అని అడిగాము. అతను నవ్వి, "ఏటౌద్ది అయ్యగారూ, సిమెంటే కదా" అన్నాడు.

ఆ రోజు అతనికి మేము సరైన జవాబు చెప్పలేకపోయాము. ఆలస్యంగానైనా ఈ వారం ఆ జవాబు రాస్తున్నాము. అది అతనికే కాదు, ఆసుపత్రులు నడిపేవారికి, ముందుగా మన సంఘాలకు కూడా చెందిన మాట.

అది సిమెంటు ఒక్కటే కాదు

మనం "సిమెంటు రేకు" అని పిలిచేదానిలో దశాబ్దాలుగా సిమెంటుతో పాటు ఆస్బెస్టాస్ కలుపుతున్నారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీన్నే రాతినార అంటారు. పేరుకు తగ్గట్టే ఇది నారలా విడిపోయే రాయి. నిప్పుకు కాలదు, నీటికి కుళ్లదు, సిమెంటును గట్టిగా పట్టి ఉంచుతుంది. రేకు బరువులో సుమారు పదో వంతు ఈ నార ఉంటుంది. పాత ఆసుపత్రి భవనాల్లో ఇది రేకుల్లోనే ఉంటుందనుకోకూడదు. బాయిలర్ నుంచి వచ్చే ఆవిరి గొట్టాల చుట్టూ చుట్టిన పూతలోనూ, పాత ఫాల్స్ సీలింగ్ పలకల్లోనూ, నీటి గొట్టాల్లోనూ ఉండవచ్చు.

కీడు ఎక్కడుందంటే, ఈ నార ఎంత చీలినా ఇంకా సన్నటి పోగులుగా చీలుతూనే ఉంటుంది. కంటికి కనిపించని ఆ పోగులు గాలిలో తేలి ఊపిరితిత్తుల అడుగుకు చేరతాయి. అక్కడ అవి కరగవు, దగ్గినా బయటికి రావు. ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల పైపొరకు పట్టే మీసోథీలియోమా అనే క్యాన్సర్ వీటివల్ల వస్తాయి. రాతినారలో అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది. పనిచోట ఈ నార పీల్చినందువల్ల ఏటా రెండు లక్షల మందికి పైగా చనిపోతున్నారని ఆ సంస్థ అంచనా.

ఈ జబ్బుకు ఉన్న మోసం దాని ఆలస్యం. ఈ రోజు పీల్చిన దుమ్ము ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై ఏళ్ల తరువాత బయటపడుతుంది. సుత్తి పట్టిన ఆ కూలీకి ఈ రాత్రి దగ్గు కూడా రాదు. అతను అరవై ఏళ్ల వయసులో ఆయాసంతో పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రి మెట్లెక్కిన రోజున, ఈ షెడ్డు సంగతి అతనికే గుర్తుండదు. కాంట్రాక్టరు పేరు ఎవరికీ గుర్తుండదు. జబ్బు "పొగ తాగడం వల్ల" అని రాసుకుంటారు. అపరాధి పేరు లేని మరణాలు ఇలాగే జరుగుతాయి.

మనం ఎందుకు కప్పుకున్నాం?

రేకును దూషించడం సులువు. కానీ న్యాయంగా మాట్లాడాలి. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో, మత్స్యకార పాలేల్లో తాటాకు ఇళ్లు ఎలా కాలిపోయేవో పెద్దలకు తెలుసు. ఒక పొయ్యి నిప్పురవ్వకు వీధి వీధంతా బూడిదయ్యేది. అలాంటి చోట సిమెంటు రేకు పేదవాడికి మొదటి భద్రత. ఇనుప రేకులా తుప్పు పట్టదు, సముద్రపు గాలికి తట్టుకుంటుంది, ధర తక్కువ. మన ప్రార్థన మందిరాల్లో ఎన్నో అలా తాటాకు నుంచి రేకుకు, రేకు నుంచి స్లాబుకు ఎదిగినవే. ఆసుపత్రుల్లో వంటశాల, సైకిల్ స్టాండు, స్టోరు, రోగుల బంధువులు తలదాచుకునే షెడ్డు వంటివి ఇదే కారణంతో రేకుల కింద వెలిశాయి.

ఈ నార మన నేలలోనూ దొరికింది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో, బ్రాహ్మణపల్లె పరిసరాల్లో దీన్ని తవ్వేవారు. దీంతో రేకులు చేసే పెద్ద పరిశ్రమ హైదరాబాదు కేంద్రంగా పెరిగింది. ఎందరో తెలుగువాళ్లకు అది అన్నం పెట్టింది. ఇవన్నీ ఒప్పుకోవాలి. ఒప్పుకున్న తరువాత, ఇప్పుడు తెలిసినది తెలిసినట్టు నడుచుకోవాలి. తెలియని కాలంలో చేసిన పని వేరు, తెలిసి కూడా కొనసాగించే పని వేరు.

చట్టం సగం దారిలో ఆగింది

మన దేశంలో రాతినార గనులకు కొత్త లీజులు ఇవ్వడం 1986లో ఆపారు. పాత లీజుల పునరుద్ధరణ 1993లో ఆపారు. తవ్వడం ప్రమాదమని ఒప్పుకున్నట్టే. కానీ దిగుమతిని, రేకుల తయారీని, వాడకాన్ని నిషేధించలేదు. అందుకే ఈనాటికీ రష్యా వంటి దేశాల నుంచి ఏటా లక్షల టన్నులు ఓడల్లో వస్తున్నాయి. మరోవైపు, రాతినార వ్యర్థాల దిగుమతిని 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు నిషేధించాయి. అంటే బయటి దేశపు చెత్తగా వస్తే అది విషం, సరుకుగా వస్తే అది ఇంటి కప్పు!

1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఈ విషయంలో గొప్ప తీర్పు ఇచ్చింది. కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఈ పరిశ్రమల్లో పనిచేసిన ప్రతి కార్మికుడి ఆరోగ్య వివరాలను, పనిలో చేరిన నాటి నుంచి నలభై ఏళ్లు లేదా పని మానిన తరువాత పదిహేనేళ్లు, ఏది ఎక్కువ కాలమైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. నలభై ఏళ్లు ఎందుకో పైన చెప్పిన ఆలస్యమే జవాబు. అయితే ఆ రక్షణ ఫ్యాక్టరీ గేటు లోపల హాజరుపట్టీలో పేరున్నవారిని ఉద్దేశించినది. ఆసుపత్రి షెడ్డు విప్పే రోజుకూలీకి హాజరుపట్టీ ఎక్కడిది? అతని పేరు నలభై ఏళ్లు కాదు, నలభై రోజులు కూడా ఏ కాగితం మీదా ఉండదు.

పారిశ్రామిక నగరంగా మనకు ఇందులో అనుభవం కొత్త కాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లేచి పన్నెండు మందిని బలిగొన్నప్పుడు దేశమంతా మనవైపు చూసింది. ఆ ప్రమాదం కొన్ని గంటల్లో కనిపించింది కాబట్టి విచారణలు జరిగాయి, పరిహారం వచ్చింది. ఊపిరిలో నలభై ఏళ్లు దాక్కునే ప్రమాదానికి సైరన్ మోగదు.

ఇతర దేశాలు ఏమి చేశాయి?

బ్రిటన్ 1999లో రాతినారను పూర్తిగా నిషేధించింది. అమెరికా ఇంకా వాడకంలో ఉన్న తెల్ల రాతినారను 2024 మార్చిలో నిషేధించింది. నిషేధంతో కథ ముగియదని బ్రిటన్ అనుభవం చెబుతుంది. పాత దుమ్ము వల్ల అక్కడ ఇప్పటికీ ఏటా సుమారు అయిదు వేల మంది చనిపోతున్నారు. అందుకే అక్కడి చట్టం బహిరంగ భవనాల నిర్వాహకులకు ఒక బాధ్యత పెట్టింది. భవనంలో ఈ పదార్థం ఎక్కడ ఉందో జాబితా రాయాలి, దాని స్థితి చూస్తుండాలి, మరమ్మతుకు వచ్చే పనివాడికి ఆ జాబితా ముందే చూపాలి.

అదే బ్రిటన్‌లో మరో పాఠం కూడా ఉంది. కింగ్స్ లిన్ పట్టణంలోని క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రిని చవకైన తేలికపాటి కాంక్రీటు పలకలతో కట్టారు. ఆ పలకలు బలహీనపడ్డాయి. ఇప్పుడు కప్పు కూలకుండా వేల సంఖ్యలో ఆధారాలు నిలబెట్టి, వాటి మధ్యనే రోగులకు వైద్యం చేస్తున్నారు. అంత సంపన్న దేశానికి కూడా ఒక్క రాత్రిలో ఆసుపత్రిని ఖాళీ చేయడం సాధ్యం కాలేదు. ఆసుపత్రుల నుంచి ఆ కాంక్రీటును 2035 నాటికి తొలగిస్తామని గడువు పెట్టుకున్నారు.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ దక్షిణ కొరియా. 1970లలో అక్కడి ప్రభుత్వం పల్లెల అభివృద్ధి పేరుతో గడ్డి కప్పులు తీయించి రాతినార రేకులు వేయించింది. మన తాటాకు కథే. 2009లో ఆ దేశం రాతినారను నిషేధించింది. 2011 నుంచి ఆ పాత కప్పులు తీయడానికి ఇంటివారికి ప్రభుత్వమే డబ్బు సాయం చేస్తోంది. వేయించినవారే తీయించే ఖర్చు భరించారు, అది న్యాయం. పోలండ్‌లో కూడా ఎక్కువ భాగం ఇళ్ల రేకులే. 1997లో నిషేధించి, 2032 నాటికి దేశమంతా తొలగించాలని గడువు పెట్టుకుని, ఎక్కడెంత ఉందో లెక్క రాసుకుంటూ పని చేస్తున్నారు.

ఈ దేశాలన్నింటిలో కనిపించే వరుస ఒకటే. ముందు లెక్క, తరువాత గడువు, ఆ తరువాత శిక్షణ పొందిన చేతులు. సుత్తి ఎక్కడా మొదటిది కాదు.

యాజకుడు ఇంటిని చూడటానికి వెళ్లాడు

లేవీయకాండము 14వ అధ్యాయం చివరి భాగాన్ని మనం సాధారణంగా త్వరగా చదివి దాటేస్తాం. ఇంటి గోడకు పొడ పుట్టినప్పుడు ఏమి చేయాలో అక్కడ ఉంది. అది రాతినార గురించి రాసినది కాదు. వాక్యంలో లేనిది వాక్యంలో పెట్టకూడదు. కానీ ఆ క్రమాన్ని గమనించండి.

ఇంటి యజమాని దాచకుండా వచ్చి యాజకునికి చెప్పాలి. యాజకుడు లోపలికి వెళ్లకముందే ఇల్లు ఖాళీ చేయించాలి. తరువాత గోడలు పరీక్షించాలి. వెంటనే కూల్చకుండా, ఏడు రోజులు ఇల్లు మూసి మళ్లీ వచ్చి చూడాలి. వ్యాపించి ఉంటే ఆ రాళ్లను మాత్రం ఊడదీసి, ఊరి వెలుపల అందుకు కేటాయించిన అపవిత్ర స్థలంలో పారవేయాలి. లోపలి గోడలు గీకించి, ఆ గీకిన పొడిని కూడా ఊరి వెలుపలికే చేర్చాలి. వేరే రాళ్లు, వేరే అడుసు పెట్టాలి. అప్పటికీ తగ్గకపోతేనే ఇల్లు పడగొట్టాలి. ఆ ఇంట్లో పడుకున్నవాడు, తిన్నవాడు బట్టలు ఉతుక్కోవాలి.

గీకిన పొడి ఎక్కడికి పోవాలో కూడా ఆలోచించిన ధర్మశాస్త్రం ఇది! మన మరమ్మతు పనుల్లో తప్పిపోతున్నది సరిగ్గా అదే. ముక్కలైన రేకులు మామూలు శిథిలాలతో కలిసి ట్రాక్టరెక్కి, ఏ గెడ్డ ఒడ్డునో, ఏ చెరువు గర్భంలోనో పల్లం పూడ్చడానికి పోతున్నాయి. అక్కడ పిల్లలు ఆడుకుంటారు. బట్టల సంగతి కూడా చిన్నది కాదు. రాతినార ఫ్యాక్టరీ లోపలికి ఎన్నడూ అడుగుపెట్టని భార్యలు, భర్త పనిబట్టలు దులిపి ఉతికినందుకే ఈ క్యాన్సర్‌కు గురైన సంగతి వైద్యశాస్త్రం నమోదు చేసింది.

ఆసుపత్రుల్లో ఏమి జరగాలి?

మన కింగ్ జార్జ్ ఆసుపత్రి, ఆంధ్ర వైద్య కళాశాల 2023లో నూరేళ్లు పూర్తి చేసుకున్నాయి. వెయ్యికి పైగా పడకలున్న ఆ ఆసుపత్రికి శ్రీకాకుళం నుంచి, పాడేరు మన్యం నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి వేరే దిక్కు లేనివారు వస్తారు. అంత పాత ప్రాంగణాల్లో ఎప్పుడూ ఏదో ఒకటి కూల్చడం, కట్టడం సాగుతూనే ఉంటుంది. పెద్దాసుపత్రి మొదలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా మేము అడిగేవి ఇవి.

మొదటిది, జాబితా. ఏ భవనంలో రేకులు, గొట్టాల పూతలు, పాత సీలింగులు ఉన్నాయో రాసి, నమూనాలు ప్రయోగశాలకు పంపి, అందరికీ కనిపించేలా పెట్టాలి. ఇప్పుడు రాతినార లేని రేకులు కూడా మార్కెట్లో ఉన్నాయి. కంటితో చూసి తేడా చెప్పలేము.

రెండవది, తొందరపడని వివేకం. పగలకుండా, పొడి రాలకుండా గట్టిగా ఉన్న రేకు ఆ స్థితిలో ఎక్కువ పోగులు వదలదు. దానికి రంధ్రాలు చేయకుండా, రంగు పూసి మూసి, ఏటా చూసుకుంటూ ఉండవచ్చు. పగిలినవి, రోగుల తల మీద పొడి రాలుస్తున్నవి ముందు పోవాలి. "అన్నీ ఈ వారమే పీకేయండి" అనే ఆదేశం, చేతగాని చేతుల్లో పడితే, ఏమీ చేయకపోవడం కంటే ఎక్కువ హాని చేస్తుంది.

మూడవది, టెండరులోనే రక్షణ. ఆసుపత్రుల పనులు చూసే ఏపీఎంఎస్‌ఐడీసీ తన టెండర్లలో ఈ షరతులు రాయాలి. పని ముందు ఆ వార్డును, చుట్టుపక్కల షెడ్లను ఖాళీ చేయించాలి. రేకును నీటితో తడపాలి. బోల్టు విప్పి మొత్తం రేకుగా దింపాలి, పగలగొట్టకూడదు. పనివారికి సరైన మాస్కు, ఒంటిని కప్పే దుస్తులు ఇవ్వాలి. ముక్కుకు కట్టిన తువ్వాలు ఈ పోగులను ఆపదు. పొడి చీపురుతో ఊడవకూడదు. పాత రేకు మీద నేరుగా నడవనివ్వకూడదు. క్యాన్సర్ నలభై ఏళ్లకు వస్తుందేమో కానీ, రేకు విరిగి కింద పడినవాడు ఆ క్షణమే పోతాడు. ఈ ఖర్చు అంచనాలో రాయకపోతే కాంట్రాక్టరు దాన్ని కూలీ ఊపిరిలో నుంచే మిగుల్చుకుంటాడు.

నాలుగవది, ఊరి వెలుపల స్థలం. మనకు దగ్గరలోనే పరవాడ ఫార్మాసిటీలో ప్రమాదకర వ్యర్థాలను భద్రపరిచే కేంద్రం ఉంది. మందమైన ప్లాస్టిక్‌లో చుట్టిన రేకులు అలాంటి చోటికే చేరాలి. చేరినట్టు రశీదు చూపితేనే బిల్లు చెల్లించాలి.

అయిదవది, కొత్త కీడు పెట్టకపోవడం. రాతినార స్థానంలో చవకగా వచ్చే ప్లాస్టిక్, థర్మోకోల్ పలకలు పెడితే నిప్పును పిలిచినట్టే. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ భవనానికి మరమ్మతులో భాగంగా తొడిగిన కొత్త పలకలే 2017 జూన్‌లో మంటలను పైకి పాకించాయి. డెబ్బై రెండు మంది చనిపోయారు. లేవలేని రోగులున్న చోట ఆ పొరపాటు జరగకూడదు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో అభివృద్ధి కమిటీలు ఉన్నాయి. సంఘంలో ఆ కమిటీ సభ్యులు, నర్సులు, ఇంజనీర్లు, కార్మిక సంఘాల నాయకులు ఉన్నారు. వచ్చే సమావేశంలో "మన జాబితా ఏది?" అని ఒక్క ప్రశ్న అడగండి. రాతపూర్వకంగా అడగండి. అది రాజకీయం కాదు. ఇంటి కప్పుకు పిట్టగోడ కట్టించమని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం చెబుతున్నప్పుడు, కప్పు వల్ల పోయే ప్రాణానికి ఇంటివాడే జవాబుదారీ అని దేవుడు అంటున్నాడు. ప్రభుత్వ ఆసుపత్రికి ఇంటివాళ్లం మనమందరమూ.

మన కప్పు కింద నుంచి మొదలుపెడదాం

ఇక్కడితో ముగిస్తే ఇది వేషధారణ అవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన నగరం మీదుగా వెళ్లినప్పుడు రేకులు కాగితాల్లా ఎగిరి వీధుల్లో ముక్కలయ్యాయి. మరునాడు మన యవ్వనస్థులు చీపుర్లు పట్టుకుని బయలుదేరారు. ఒట్టి చేతులతో, ఒట్టి ముఖాలతో ఆ ముక్కలు ఏరి, ఊడ్చి, బుట్టలకెత్తారు. ప్రేమతో చేశారు. వాళ్ల ముందు నడిచింది మేమే. పగలని రేకులను ఏరి, కోయించి, మందిరం పక్కన బాలల సండే స్కూలు షెడ్డుకు వేయించింది కూడా మేమే. కోస్తుంటే దుమ్ము లేచింది. పిల్లలు చుట్టూ నిలబడి చూశారు. ఆ పిల్లలిప్పుడు పెళ్లీడుకు వచ్చారు. వాళ్లకు ఏమీ కాకూడదని ప్రార్థిస్తున్నాము. కానీ తెలియక చేశామన్న మాట వెనుక ఇక దాక్కోలేము.

కాబట్టి సంఘాలకు మా విన్నపం. మీ మందిరం, సండే స్కూలు, వంటశాల కప్పులు చూసి, మీ జాబితా మీరే ముందు రాయండి. మన సంఘాల చరిత్రలో ఆసుపత్రులు కూడా ఉన్నాయి. గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి, పిఠాపురంలో కెనడియన్ బాప్టిస్టులు నెలకొల్పిన ఆసుపత్రి వంటివి స్వస్థత పరిచర్యకు గుర్తులు. అలాంటి పాత ప్రాంగణాలు నిర్వహించేవారు ప్రభుత్వం అడగకముందే తమ భవనాలను పరీక్ష చేయించుకుంటే అది సాక్ష్యం అవుతుంది. కొత్త షెడ్డు వేసేటప్పుడు రాతినార లేనిదేనని కాగితం చూసి కొనండి. తుపాను వచ్చినప్పుడు సహాయానికి పరుగెత్తండి, కానీ నీళ్లు చల్లి, మాస్కు కట్టి, చేతులకు తొడుగులు వేసుకుని పరుగెత్తండి. తీసిన రేకును పేదవాడికి దానం చేయకండి. మన తల మీద వద్దనుకున్నదాన్ని వాడి తల మీద పెట్టడం దానం కాదు.

ఆ రోజు ఆసుపత్రిలో చూసిన మనిషి ఎవరో, ఏ ఊరివాడో మేము అడగలేదు. "ఏటౌద్ది అయ్యగారూ" అన్న అతని ప్రశ్న మాత్రం మాతోనే ఉంది. తమ్ముడూ, అది సిమెంటు ఒక్కటే కాదు. ఏమవుతుందో మాకు తెలుసు. తెలిసినవాళ్లం చెప్పకపోతే నీ ఊపిరికి మేమూ జవాబుదారులమే. నాసికారంధ్రాలలో జీవవాయువు ఊదినవాడు ఆ లెక్క అడుగుతాడు.